డ్రగ్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చి మా ఆయన ఉద్యోగం పోయింది. వీసాకి మిగిలిన ఈ 60 రోజుల గడువు ఎలా గట్టెక్కాలి?

జగ్గయ్యపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇక్కడ అందరూ రాసేవి చదువుతూ ఉంటాను, నేను రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పేర్లు, కంపెనీ వివరాలు రాయలేను, ఏమీ అనుకోకండి.

మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా ఆయనది ఉద్యోగం మీద ఇచ్చే హెచ్1బీ వీసా, నాది ఆయన మీద ఆధారపడ్డ హెచ్4, పాప కిండర్‌గార్టెన్. ఆయన సొంతూరు కోదాడ దగ్గర, మాది జగ్గయ్యపేట. బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నాం, దాని ఈఎంఐ ఇక్కడి జీతంలోంచే కట్టాలి.

మా ఆయన చాలా ఏళ్లుగా బ్యాంకు ప్రాజెక్టుల్లో ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తున్నారు. ఆ పని చేసినవాళ్లకి తెలుస్తుంది. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, బ్యాచ్ జాబ్ ఆగిపోయిందని. లేచి సరిచేసి పడుకుందామంటే అప్పుడు హైదరాబాద్ టీమ్‌కి పగలు, వాళ్ల ప్రశ్నలు మొదలవుతాయి. పొద్దున తొమ్మిదికి మళ్లీ స్టేటస్ కాల్. అలా చేసీ చేసీ, ఫోన్ మోగని రాత్రి కూడా నిద్ర పట్టని స్థితికి వచ్చారు. టీమ్‌లో ఒకాయన హెంప్ (గంజాయి జాతి మొక్క) గమ్మీలు వాడి చూడమన్నాడట. మా ఇంటి దగ్గర వేప్ షాపులో బహిరంగంగానే అమ్ముతారు. డబ్బా మీద హెంప్ అనీ, టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తునిచ్చే పదార్థం, 0.3 శాతం లోపు అనీ రాసి ఉంటుంది. రాత్రి ఒకటి వేసుకుని పడుకునేవారు. నాకు తెలియకుండా చేసిందేమీ లేదు. ఆ డబ్బా మా వంటింటి అలమరాలో విటమిన్ డి మాత్రల పక్కనే ఉండేది.

పాత ప్రాజెక్టు అయిపోయింది. కొత్త క్లయింట్ దగ్గర ఇంటర్వ్యూ బాగా జరిగింది, రేటు కుదిరింది. బ్యాక్‌గ్రౌండ్ చెక్, వేలిముద్రలు, డ్రగ్ టెస్ట్ అన్నారు. కొత్త క్లయింట్ అన్నప్పుడల్లా ఉండేదే కదా అని వెళ్లి యూరిన్ ఇచ్చి వచ్చారు. కొద్దిరోజులకి ఒక డాక్టరు ఫోన్ చేశారు. రిపోర్టు చూసి నిర్ధారించే డాక్టరట. ఏం మందులు వాడుతున్నారు, ప్రిస్క్రిప్షన్ ఉందా అని అడిగారు. ఈయన గమ్మీల సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. అది లెక్కలోకి రాదని చెప్పి ఆ డాక్టరు పాజిటివ్ అని పంపేశారు. మర్నాడు క్లయింట్ వద్దన్నాడు. ఆ తర్వాత మా కంపెనీ హెచ్ఆర్ వాళ్లు వీడియో కాల్ పెట్టి, పాలసీ ప్రకారం తీసేస్తున్నామని చెప్పి లెటర్ పంపారు. అన్నేళ్లు పనిచేసిన మనిషిని అంత సేపట్లో పంపేశారు.

ఆ రోజే డబ్బా చెత్తలో పడేశారు. అప్పట్నుంచి నిద్ర అసలే లేదు. రాత్రిళ్లు చెమటలు, తిండి సయించదు. పాప చేతిలోంచి పాలగ్లాసు జారితే ఇల్లదిరేలా అరిచారు, మళ్లీ దాని మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. సాయంత్రమైతే కిందికి వెళ్లి పార్కింగ్‌లో కారులో కూర్చుంటారు, ఎక్కడికీ వెళ్లరు. ఉద్యోగాలకి అప్లై చేయమంటే, “ఎక్కడికి వెళ్లినా ఇది బయటపడుతుంది” అంటారు.

ఆదివారం మామయ్యగారు వీడియో కాల్ చేస్తారు. దానికోసం గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని కూర్చుంటారు. ఎడమ కాలువకి నీళ్లు వదిలారని, నాట్లకి కూలీలు దొరకడం లేదని మామయ్యగారు చెబుతుంటే తల ఊపుతారు. ఉద్యోగం ఎలా ఉందిరా అంటే ప్రాజెక్టు మారుతోంది అంటారు. కాల్ అయ్యాక గంటసేపు మాట్లాడరు.

మన ఊళ్లలో గంజాయి అంటే పోలీసులు, సంకెళ్లు, పేపర్లో ఫోటో. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లోనే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. గుడిలో ఎవరైనా పలకరిస్తే నాకు కాళ్లు వణుకుతున్నాయి.

నేను అడిగేది ఏంటంటే, ఈ రిపోర్టు ఇమ్మిగ్రేషన్ వాళ్లకి వెళ్తుందా? తర్వాతి కంపెనీకి తెలుస్తుందా? గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ140 అప్రూవ్ అయి మూడేళ్లు పైనే అయింది, అదీ పోతుందా? వీటన్నిటికంటే ముందు, ఈ మనిషిని మళ్లీ లేపి నిలబెట్టడం ఎలా? పెద్దవాళ్లకి చెప్పాలా, వద్దా? ఇలాంటిది దాటినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.


ఎడిసన్ పెద్దాయన:

అమ్మా, ముందు వీసా సంగతి చెబుతాను. అది ఒక దారికొస్తే మిగతావాటికి బుర్ర పనిచేస్తుంది. నేను లాయర్ని కాదు. ఉద్యోగాలు పోయిన మన పిల్లలకి ఇరవై ఏళ్లుగా తోడుగా ఉంటున్నాను, ఆ అనుభవంతో రాస్తున్నాను.

హెచ్1బీలో ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు ఉంటుంది. ఐ94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే అయిపోతే అక్కడివరకే. మీకూ పాపకీ కూడా అదే గడువు వర్తిస్తుంది. ఏ తేదీ నుంచి లెక్క అనేది ముఖ్యం. సాధారణంగా జీతం ఇచ్చిన చివరి పనిరోజుని పట్టుకుని లెక్కిస్తారు, కాబట్టి ఆ లెటర్లో తేదీ చూసి, లాయరుతో సరిచూసుకుని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఆ గడువులోపల కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ చేస్తే చాలు, అప్రూవ్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, అది అందగానే పనిలో చేరవచ్చు. ఉద్యోగం దొరక్కపోతే గడువు ముగిసేలోపు బీ2కి, అంటే విజిటర్ హోదాకి, మార్చమని ఐ539 ఫారం వేసేవాళ్లున్నారు. దానివల్ల కొంత సమయం దొరుకుతుంది కానీ పనిచేయడానికి వీల్లేదు, తర్వాత హెచ్1బీకి రావడంలో చిక్కులూ ఉంటాయి. దాన్ని చివరి దారిగానే ఉంచుకోండి.

ఐ140 గురించి భయం వద్దు. అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా అది రద్దు కాదు, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మీ తేదీ) మీదే. ఆ నోటీసు కాపీ మీ చేతిలో ఉందా? లేకపోతే ఈరోజే అడగండి. పాత ఐ797లు (అప్రూవల్ నోటీసులు), పే స్లిప్పులు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా అడగండి. హెచ్1బీ గడువుకి ముందే తీసేసిన కంపెనీ హెచ్1బీ ఉద్యోగికి స్వదేశం వెళ్లే ప్రయాణ ఖర్చు ఇవ్వాలన్న రూలు ఉంది, వెనక్కి వెళ్లాల్సి వస్తే గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు విషయం. ప్రైవేటు కంపెనీ చేయించిన టెస్టు రిపోర్టు దానంతటదే ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లదు. అది పోలీసు కేసు కాదు, శిక్ష కాదు. కానీ ఫెడరల్ చట్టంలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంది. ఏ రాష్ట్రంలో చట్టబద్ధం అయినా వీసా విషయంలో ఆ రాష్ట్రం చట్టం కాపాడదు. వీసాకి నింపే డీఎస్160 ఫారంలో మాదకద్రవ్యాల మీద సూటి ప్రశ్నలు ఉంటాయి, గ్రీన్‌కార్డు మెడికల్‌లో డాక్టరు కూడా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది వేరే నేరం, ప్రవేశం శాశ్వతంగా మూసుకుపోవచ్చు. ఆలోచించకుండా ఒప్పుకోలు రాసి సంతకం పెట్టినా ప్రమాదమే. అందుకే వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లేముందు, ఏ ఫారమైనా నింపేముందు, సొంత లాయరు దగ్గర కూర్చుని ఒక్క ముక్క దాచకుండా చెప్పండి. కంపెనీ లాయరు వద్దు, ఆయన కంపెనీ మేలు కూడా చూడాలి. హెచ్ఆర్‌కి సంజాయిషీ ఈమెయిళ్లు ఇంకేమీ రాయొద్దని మీవారికి చెప్పండి.

తర్వాతి కంపెనీకి పాతవాళ్లు సాధారణంగా చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా చెబుతారు. ఎందుకు మానేశారు అని అడిగితే అబద్ధం అల్లవద్దు. కొత్త క్లయింట్ ఆన్‌బోర్డింగ్ పూర్తి కాలేదు, ఉద్యోగం ముగిసింది అంటే అది నిజమే. ఇంకా లోతుగా అడిగితే ఏం చెప్పాలో లాయరుతో ముందే అనుకోండి.

మరొక మాట. కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుంచి, శరీరంలో మిగిలిన గంజాయి అవశేషాలు పట్టుకునే టెస్టు ఆధారంగా ఉద్యోగం నిరాకరించకూడదన్న చట్టం ఉంది. న్యూయార్క్‌లో 2021 నుంచి ఇలాంటి రక్షణ ఉంది. రెండిట్లోనూ మినహాయింపులున్నాయి, ఫెడరల్ రూలు టెస్టు చేయమన్నచోట ఇవి పనిచేయవు. మీ టెక్సాస్‌లో అలాంటి చట్టమేదీ లేదు. రెజ్యూమె డాలస్‌లోనే తిప్పకుండా అటు కూడా పంపమనండి.


కూల్ గై ఫ్రిస్కో:

ఇంత టెన్షన్ ఎందుకండీ. గసగసాలు వేసిన కుర్మా తిన్నాను, అందుకే పాజిటివ్ వచ్చింది అని రాసి రీటెస్ట్ అడగండి. నెక్స్ట్ టెస్టుకి ఆన్‌లైన్‌లో సింథటిక్ (నకిలీ) యూరిన్ కిట్ దొరుకుతుంది, నా ఫ్రెండ్స్ వాడారు.


హ్యూస్టన్ నర్సు:

పై ఆయన చెప్పింది దయచేసి ఎవరూ చేయకండి. నేను ఇక్కడ సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను.

గసగసాల వల్ల టెస్టులో కనబడేది మార్ఫిన్, కోడీన్. టీహెచ్‌సీ కాదు. గసగసాలు తిన్నవాళ్లు ఇరుక్కుంటున్నారనే 1998లో ఫెడరల్ టెస్టుల్లో ఈ రకం మందుల (ఓపియేట్ల) హద్దుని 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. రిపోర్టు చూసే డాక్టరుకి ఇవన్నీ తెలుసు. ఇంక ఆ కిట్ సంగతి. టెక్సాస్‌లో డ్రగ్ టెస్టుని మోసం చేయడానికి అలాంటిది వాడటం క్రిమినల్ నేరం. ఇప్పుడు మీ ఆయన మీద ఏ కేసూ లేదు. ఆ కిట్‌తో పట్టుబడితే నిజంగానే కేసు వస్తుంది, అప్పుడు వీసాని ఏ లాయరూ కాపాడలేడు.

చెల్లీ, ఇప్పుడు నీతో మాట్లాడతాను. చెమటలు, తిండి సయించకపోవడం, కోపం, నిద్ర లేకపోవడం, పిచ్చి కలలు, ఇవి రోజూ టీహెచ్‌సీ తీసుకున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే వచ్చేవే. ఆపిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో బాగా ఎక్కువై, చాలామందిలో రెండు మూడు వారాలకి తగ్గుతాయి. నిద్ర మాత్రం కుదురుకోవడానికి ఇంకొంచెం పడుతుంది. అంటే ఆయన పాప మీద అరిచింది ఆయన స్వభావం మారిపోయి కాదు. ఈ మాట ఆయనకి కూడా చెప్పు. నాకేదో పిచ్చి పడుతోందని లోపల భయపడుతూ ఉంటారు మగవాళ్లు, పైకి చెప్పరు.

ఆ డబ్బా గురించి కూడా ఆయన తనని తాను తిట్టుకుంటూ ఉండి ఉంటారు. 0.3 శాతం అంటే ఏమీ లేనట్టే అని ఎవరైనా అనుకుంటారు. ఆ శాతం బరువు మీద లెక్క. 5 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 15 మిల్లీగ్రాములు. కాలిఫోర్నియాలో, కొలరాడోలో లైసెన్సు ఉన్న గంజాయి దుకాణాల్లో ఒక సర్వింగ్‌కి పెట్టిన హద్దే 10 మిల్లీగ్రాములు. డెల్టా 8 లాంటి వేరే టీహెచ్‌సీ రకాలైతే 2018 ఫెడరల్ హెంప్ చట్టం పెట్టిన ఆ 0.3 లెక్కలోకే రాలేదు, మామూలు యూరిన్ టెస్టులో మాత్రం పాజిటివ్ చూపించగలవు. వేప్ షాపువాడు ఇవన్నీ చెప్పి అమ్మడు.

ఇది కొవ్వులో చేరి నెమ్మదిగా బయటికి వస్తుంది. రోజూ వాడినవాళ్లలో ఆపాక కొన్ని వారాల దాకా కనబడొచ్చు. కాబట్టి కొత్త ఆఫర్ వస్తే టెస్టు ఎప్పుడో ముందే తెలుసుకోండి. నిమ్మరసాలు, డీటాక్స్ డ్రింకులు తాగించకు, డబ్బు దండగ.

నిద్ర కోసం స్నేహితుల దగ్గర అల్ప్రాజోలం లాంటి మత్తు మాత్రలు అడిగి తీసుకోవద్దు, అదీ టెస్టులో వస్తుంది, అలవాటూ అవుతుంది. ప్రైమరీ కేర్ డాక్టరు దగ్గరికి వెళ్లి నిద్రలేమి అని చెప్పండి. నిద్రలేమికి సీబీటీ-ఐ అనే పద్ధతి ఉంది, మాత్రలు లేకుండా నేర్పిస్తారు, బాగా పనిచేస్తుంది. అసలు జబ్బు నిద్రలేమి. దానికి ముందే వైద్యం దొరికి ఉంటే గమ్మీ దాకా వచ్చేది కాదు.

ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో హెచ్ఆర్‌ని అడుగు, చాలా కంపెనీల్లో ఆ నెలాఖరుతో పోతుంది. పోయాక ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో కొత్తది తీసుకోవడానికి 60 రోజులు టైము ఇస్తారు. ఉన్నప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒక్కటి తప్పకుండా చెయ్. కారులో కూర్చుని వచ్చాక ఆయన్ని సూటిగా అడుగు, “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడతారు మనవాళ్లు, అలా పుట్టదు. అవును అన్నా, సమాధానం చెప్పకపోయినా 988కి ఫోన్ చేయి, అది ఇక్కడ ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే నంబరు. ఆయనే చేయక్కర్లేదు, నువ్వు చేయొచ్చు, మెసేజీ కూడా పెట్టొచ్చు. ఫోన్ చేసినందుకు వీసాకి ఏమవుతుందో అని ఆగిపోకు. ఈ ఒక్క విషయంలో రేపు అనకు.


నరసరావుపేట డ్రైవర్:

చెల్లెమ్మా, నేను ట్రక్కు తోలతాను, ఇండియానాలో ఉంటాను. నాది గ్రీన్ కార్డు, మీకున్నంత వీసా టెన్షన్ నాకు లేదు. మిగతాదంతా నేను పడ్డదే.

2022లో నడుం నొప్పికి హెంప్ నుంచి తీసే సీబీడీ ఆయిల్ వాడాను. ర్యాండమ్ టెస్టుకి పిలిచారు, పాజిటివ్ వచ్చింది. సీబీడీ వాడాను అంటే రవాణా శాఖ రూల్సులో దాన్ని కారణంగా ఒప్పుకోరు. ఆ రోజే స్టీరింగ్ దించేశారు. మా వృత్తిలో ఇది దాచాలన్నా దాగదు. 2020 జనవరి నుంచి క్లియరింగ్‌హౌస్ అని ఫెడరల్ రికార్డు ఉంది, ఏ కంపెనీ డ్రైవర్ని పెట్టుకోవాలన్నా అందులో చూడాల్సిందే. 2024 నవంబరు నుంచి అయితే అందులో పేరు పడినవాళ్ల సీడీఎల్, అంటే ట్రక్కులు తోలే లైసెన్సునే రాష్ట్రాలు దించేస్తున్నాయి. మీవారి పేరు ఎక్కడానికి అలాంటి రికార్డు ఐటీలో లేదు. ఎక్కడికి వెళ్లినా బయటపడుతుంది అని ఆయన అంటున్నారే, ఆ మాట నాలాంటి డ్రైవర్ అంటే సబబు.

బయటపడాలంటే ఎస్ఏపీ అనే నిపుణుడి దగ్గరికి వెళ్లాలి, ఆయన చెప్పిన చికిత్స గానీ క్లాసులు గానీ పూర్తి చేయాలి. తర్వాత మళ్లీ టెస్టుకి పంపే కంపెనీ దొరకాలి. నాకు అదే కష్టమైంది. నెగెటివ్ వచ్చి డ్యూటీ ఎక్కాక కూడా మొదటి ఏడాదిలో తక్కువలో తక్కువ 6 టెస్టులు, మనిషి ఎదురుగా నిలబడి చూస్తుండగా ఇవ్వాలి. నలభై దాటిన మనిషికి అది ఎలా ఉంటుందో చెప్పలేను. అయినా ఇచ్చాను. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో ఇండియానాపోలిస్, కొలంబస్ మధ్య లోడ్లు తోలుతున్నాను.

మధ్యలో ఖాళీగా ఉన్నన్నాళ్లు మా బావమరిది మోటెల్లో బట్టలు ఉతికాను, రాత్రి డెస్క్ చూసుకున్నాను. మీవారికి వీసా వల్ల అలా ఇంకోచోట పనిచేయడానికి లేదు, నాకు తెలుసు. కానీ చేతులకి పని కావాలి. పొద్దున లేవడానికి కారణం లేకపోతే మనిషి పాడైపోతాడు. పాపని స్కూలుకి దింపడం, తీసుకురావడం ఆయనకి అప్పజెప్పండి. వంట చేయమనండి. పనికొచ్చే సర్టిఫికేషన్ పరీక్ష ఏదన్నా ఉంటే రాయమనండి. రోజుకి కొన్ని ఫోన్లు, పాత మేనేజర్లకి, పాత క్లయింట్ దగ్గర పనిచేసినవాళ్లకి. పోర్టల్‌లో రెజ్యూమె పడేసి కూర్చుంటే ఈ గడువులో తేలదు. పనిచేసిన తీరు చూసినవాళ్లే పిలుస్తారు.

మీ మామగారి విషయం. నేను మా నాన్నకి చాలాకాలం చెప్పలేదు. ఊళ్లో ఆయనకి వేరే ఎవరో చెప్పారు, ఇంకో రకంగా చెప్పారు. దానికి ఆయన పడ్డ బాధ ఉద్యోగం పోయినందుకు పడ్డదానికంటే ఎక్కువ. మీవారినే చెప్పనివ్వండి, మీరు ముందు చెప్పొద్దు. గడ్డం గీసుకుని చొక్కా వేసుకుని అబద్ధం ఆడటానికి అయ్యే శ్రమ రెజ్యూమెకి పెట్టొచ్చు.


కరీంనగర్ టు దుబాయ్:

గసగసాలు అన్న మాట చూసి రాస్తున్నా. అమెరికాలో అది టెస్టు సంగతి, ఇక్కడ యూఏఈలో గసగసాలు తేవడమే నిషేధం. ఇంట్లో పెద్దవాళ్లు మసాలా పొట్లంలో పెట్టి పంపుతారు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పని పోవడం తర్వాత, ముందు పోలీసులు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, కోడీన్ ఉన్న దగ్గుమందు కూడా ముందుగా అనుమతి లేకుండా తేకూడదు. పక్కూరి వాళ్లు మా వాడికి ఇవ్వు అని మాత్రలు ఇస్తే చీటీ లేకుండా తీసుకోకండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చదివితే గుర్తుపెట్టుకుంటారని రాశా. అక్కా, మీ ఆయన ధైర్యంగా ఉండాలి.


జగ్గయ్యపేట అమ్మాయి:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నర్సు అక్కా, మీరు అడగమన్నది ఆ రాత్రే అడిగాను. పాప పడుకున్నాక, లైటు ఆర్పకుండా, ఎదురుగా కూర్చుని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, చచ్చిపోవాలని కాదు, ఎవరికీ కనబడకుండా ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది అన్నారు. ఇద్దరం కలిసే 988కి చేశాం. అవతల ఒక పెద్దావిడ ఓపిగ్గా విన్నారు, ఏ దేశం, ఏ వీసా అని ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత ఆయన చాలా రోజుల మీద తెల్లారేదాకా కాకపోయినా కొంతసేపు పడుకున్నారు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాం, ఇన్సూరెన్స్ నెలాఖరుదాకా ఉంది. నిద్రకి సీబీటీ-ఐ ఆన్‌లైన్‌లో మొదలుపెట్టారు. ఒళ్లు చెమటలు పట్టడం తగ్గింది, తిండి కొద్దిగా తింటున్నారు.

పెద్దాయనగారూ, లాయరుతో గంట మాట్లాడాం. మీరు రాసింది దాదాపు అంతా ఆవిడ కూడా చెప్పారు. ఇప్పట్లో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దన్నారు. మా చెల్లి పెళ్లి ఉంది, నేనూ పాపా కూడా వెళ్లలేం. అది చెప్పడానికి నాకు ఇంకా ధైర్యం రాలేదు, అమ్మకి ఈ వారంలో చెప్పాలి.

మామయ్యగారికి ఆయనే చెప్పారు. మామూలు చొక్కాలోనే, కెమెరా ముందు కూర్చుని, నిద్ర కోసం వాడినదాని వల్ల టెస్టులో తేలింది, ఉద్యోగం తీసేశారు అన్నారు. నేను పక్క గదిలో ఉన్నాను. మామయ్యగారు గంజాయి అన్న మాట ఎత్తలేదు. “ఇప్పుడు నిద్ర పడుతోందా?” అని అడిగారు ముందు. తర్వాత ఫ్లాట్ కిస్తీ ఎంత అని అడిగి, “యాసంగి వడ్ల పైసలు ఉన్నయి, రెండు నెలల కిస్తీ నేను కడతా, నువ్వు దాని గురించి ఆలోచించకు” అన్నారు. అత్తయ్యగారు మాత్రం ఏడ్చారు, ఇప్పటికీ రోజూ ఫోన్ చేసి తిన్నాడా అని నన్ను అడుగుతున్నారు. అడగనీ అనుకుంటున్నాను, ఆవిడకి అదే ఊరట.

డ్రైవర్ అన్నయ్యా, పాపని స్కూలుకి ఆయనే దింపుతున్నారు. పాత బ్యాంకు ప్రాజెక్టులో ఆయన పైన పనిచేసిన ఒకావిడ ఇప్పుడు శాక్రమెంటోలో మేనేజరు. ఆవిడకి ఫోన్ చేయడానికి ఆయనకి చాలా కష్టమైంది, నంబరు నొక్కి కట్ చేస్తూ ఉన్నారు. చివరికి మాట్లాడారు. ఆవిడ రెజ్యూమె తీసుకుని ఇంటర్వ్యూ పెట్టించారు. మొదటి రౌండ్ అయింది, రెండోది వచ్చే వారం. ఆఫర్ వస్తే టెస్టు ఉంటుందా, ఎలాంటి టెస్టు అని రాతపూర్వకంగా అడగమని లాయరుగారు చెప్పారు. వాళ్ల లాయర్లు పిటిషన్ గడువులోపు వేయగలరా అన్నది మొదటే అడిగాం, వేయగలమన్నారు. ఇంకా చేతికి రాలేదు కాబట్టి డాలస్‌లోనూ వెతుకుతూనే ఉన్నారు.

కూల్ గై గారూ, మీరు మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ ఆ సలహా ఆయన మొదటి రాత్రే చదివి ఉంటే ఆ భయంలో ఆ కిట్ కొనేవారేమో. దయచేసి ఆ వ్యాఖ్య తీసేయండి.

ఇంకో సాయం కావాలి. మా అపార్ట్‌మెంట్ లీజు ఇంకా చాలా నెలలుంది. శాక్రమెంటో ఖాయమైతే వెంటనే ఖాళీ చేయాలి. ఇర్వింగ్‌లో లీజు మధ్యలో వదిలినవాళ్లు ఉంటే, ఎంత కట్టించుకున్నారు, ఇంకొకరిని పెట్టుకుంటే ఒప్పుకున్నారా, ఎన్ని రోజుల ముందు నోటీసు అడిగారు, రాయగలరా? సోమవారం లీజింగ్ ఆఫీసుకి వెళ్తున్నాం.